పాత కంప్యూటరును పాఱవేయవలెనా?

మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు సాధారణ సహాయమును నిలిపిరి. నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము రక్షణసవరణలకై మఱియొక యేడు గడువిచ్చిరి. ఇది విని మన అల్వాలులో గొందఱు తలిదండ్రులు, చక్కగా నడచుచున్న యంత్రమును మూలబెట్టి వాయిదాలమీద క్రొత్తది కొనుటకు సిద్ధపడుచున్నారు. పిల్లల జీతములు కట్టవలసిన యిండ్లలో నిది యనవసరపు భారమని నా యభిప్రాయము.

విండోస్ 11నకు 4 జీబీల ర్యాము, 64 జీబీల చోటు చాలవు. టీపీఎం 2.0 అను రక్షణాంగమును, వారి పట్టికలో జేరిన ప్రాసెసరును గావలయును. ఇంటెల్ వారివైనచో నించుమించుగా ఎనిమిదవ తరమునకు ముందటివన్నియు వెలియే. ఈ నిబంధనలను దాటించి బలవంతముగా నెక్కించువారు కలరు. అట్టి యంత్రములకు సవరణలు వచ్చునను హామీ లేదు గావున నే నందుల కొప్పను. సవరణలు లేని పాత విండోస్‌తో బ్యాంకు పనులు జరుపుటయు నపాయమే.

వ్యాసములు వ్రాయుటకు, పాఠములు వినుటకు లినక్సు చాలును. లినక్స్ మింట్ వెలలేనిది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే యొక ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపఱచిరి. మింటును పెన్‌డ్రైవునుండి నడిపి, వైఫై, ప్రింటరు పనిచేయుచున్నవో లేదో ముందే చూచుకొనవచ్చును. ఎక్కించుటకు ముందు ఛాయాచిత్రములను, కాగితములను వేఱొక డిస్కులోనికి దీసికొనుడు; లేనిచో నన్నియు దుడిచిపెట్టుకొని పోవును. హార్డుడిస్కునకు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టించినచో వేగము స్పష్టముగా హెచ్చును.

టాలీ వంటి విండోస్ పనిముట్లతో జీవనము చేయువారి సంగతి వేఱు. వారు క్రొత్తది కొనుటయే మేలు.