ఆమ్లంలో కాపురం

పిల్లలూ, "కారం ఎక్కువ తింటే కడుపులో పుండ్లు పడతాయి" అని పెద్దవాళ్లు అనగా మీరు వినే ఉంటారు. ఎప్పుడూ దిగులు పెట్టుకునేవాళ్లకూ, వేళకు అన్నం తిననివాళ్లకూ కూడా ఈ మాటే చెబుతారు. ఇది మన ఊళ్లలో పుట్టిన మాట అనుకునేరు! ఇంచుమించు 1980 దాకా ప్రపంచంలోని పెద్ద పెద్ద డాక్టర్లు కూడా దాదాపు ఇలాగే చెబుతూ వచ్చారు. ఆ నమ్మకం ఎలా తలకిందులయిందో ఈ నెల చెప్పుకుందాం.

ముందు మన పొట్ట సంగతి తెలియాలి. జీర్ణకోశంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. తిన్నదాన్ని అరిగించటానికీ, తిండితోబాటు లోపలికి వచ్చే క్రిములను చంపటానికీ అది కావాలి. అంత ఘాటయిన ఆమ్లం పొట్టనే ఎందుకు అరిగించెయ్యదు? ఎందుచేతనంటే, జీర్ణకోశం లోపలి గోడకు బంకలాంటి పూత ఒకటి ఉంటుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పూయటం మీ అమ్మమ్మ చూసే ఉంటుంది. కళాయి పోయిన గిన్నెలో పులుసు పోస్తే ఏమవుతుంది? కిలమెక్కుతుంది. పొట్టలోనూ అంతే. పూత చెడినచోట ఆమ్లం గోడను తినేస్తుంది. అదే పుండు. డాక్టర్లు అల్సర్ అంటారు.

ఈ పుండు జీర్ణకోశంలో పడవచ్చు, దాని తరవాత వచ్చే చిన్నపేగు మొదట్లోనూ పడవచ్చు. రొమ్ము కింద మంట, నొప్పి. పుండు రక్తనాళం దాకా పోతే నెత్తురు వాంతి అవుతుంది. పేగుకు చిల్లి పడితే ప్రాణం మీదికే వస్తుంది.

దీనికి పూర్వం చేసిన వైద్యం చూడండి. అమెరికాలో సిప్పీ అనే డాక్టరు 1915లో, గంట గంటకూ పాలూ మీగడా తాగించి ఆమ్లాన్ని చల్లార్చాలన్నాడు. ఆ పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. అప్పటికీ తగ్గకపోతే కోత కోసి, జీర్ణకోశంలో కొంత భాగం తీసేసేవారు. 1970ల చివర ఆమ్లం ఊరటాన్ని తగ్గించే మంచి మాత్రలు వచ్చాయి. పుండు మానేది. మాత్రలు ఆపితే మళ్లీ వచ్చేది! పుండు ఉన్నవాడు జన్మంతా మందులషాపుకు చుట్టమే. పైగా, "నువ్వు వట్టి దిగులు మనిషివి, అందుకే ఇలా అయింది" అని తప్పు రోగి మీదనే వేసేవారు. నొప్పి కంటె ఈ మాటే ఎక్కువ బాధించి ఉంటుంది.

ఆస్ట్రేలియా పడమటి తీరాన పెర్త్ అనే నగరం ఉన్నది. అక్కడి రాయల్ పెర్త్ ఆస్పత్రిలో రాబిన్ వారెన్ అనే డాక్టరు ఉండేవాడు. రోగుల శరీరంలోంచి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శినిలో పెట్టి చూడటం ఆయన పని. 1979లో ఒకనాడు జీర్ణకోశం నుంచి తీసిన ముక్క మీద ఆయనకు వంకర వంకరగా సూక్ష్మక్రిములు కనిపించాయి. ఆ తరవాత వెతికిన కొద్దీ ఎన్నో ముక్కల మీద అవే కనిపించసాగాయి. అవి ఉన్నచోటల్లా గోడ వాచి ఉన్నది. అయితే, ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అందరికీ నమ్మకం. అందుచేత తోటివాళ్లు ఆయన మాట పట్టించుకోలేదు.

1981లో బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనకు తోడయినాడు. ఇద్దరూ కలిసి 100 మంది రోగులను పరీక్షించారు. చిన్నపేగులో పుండు ఉన్నవారు వారిలో 13 మంది. ఆ 13 మందిలోనూ ఈ క్రిమి ఉన్నది!

ఇక క్రిమిని విడిగా పెంచి చూపాలి. గాజుపళ్లేలలో దానికి ఆహారం పెట్టి పెంచబోయారు. రెండు రోజులు చూసి, ఏమీ మొలవలేదని పళ్లేలు పారెయ్యటం అక్కడి రివాజు. 1982లో ఈస్టరు పండగ సెలవులు వచ్చాయి. పళ్లేలు తీసేవాళ్లు లేక అయిదారు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగివచ్చి చూస్తే క్రిములు మొలిచి ఉన్నాయి! పాపం, అవి నెమ్మదిగా పెరిగే జాతివి. అంతకుముందు వాటికి వ్యవధే ఇవ్వలేదు.

ఈ క్రిమి ఆమ్లంలో ఎలా కాపురం చేస్తున్నది? పొట్టలో యూరియా అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. క్రిమి దాన్ని విరగగొట్టి అమోనియా, బొగ్గుపులుసు వాయువు తయారుచేస్తుంది. పశువులకొట్టంలో ముక్కుకు ఘాటుగా తగిలేది అమోనియాయే. అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. అలా తన చుట్టూ గొడుగు పట్టుకుని, క్రిమి బంకపూతలోకి దూరుతుంది. అక్కడి గోడ వాస్తుంది, పూత బలహీనమవుతుంది. ఆ తరవాత పుండు చేసేది ఆమ్లమే. కనక ఆమ్లాన్ని తప్పుపట్టిన పూర్వపు డాక్టర్లు పూర్తిగా పొరబడ్డారనలేం. దొంగను పట్టుకున్నారు గాని, వాడికి తలుపు తీసినవాణ్ణి వదిలేశారు.

ఇంత జరిగినా చాలామంది నమ్మలేదు. పుండు పడ్డాక క్రిమి వచ్చి చేరిందేమో అన్నారు. అది సరయిన ప్రశ్నే. మార్షల్ పందిపిల్లలకు క్రిమిని పట్టించబోతే పట్టలేదు. చివరకు 1984లో, తన పొట్ట బాగున్నదని పరీక్ష చేయించుకుని, క్రిములు కలిపిన ద్రవాన్ని తనే గడగడా తాగేశాడు! భార్యకయినా ముందు చెప్పలేదు. కొద్దిరోజులకే నోరు కంపు కొట్టింది, వాంతులు పట్టుకున్నాయి. లోపల చూస్తే గోడ వాచి ఉన్నది, క్రిములు నిండి ఉన్నాయి. సంగతి తెలిసి భార్య కోప్పడితే క్రిములను చంపే మందులు మింగాడు. మెచ్చుకోదగిన ధైర్యమే గాని, ఇది ఎవరూ చెయ్యరాని పని. ఆయనకు పుండు పడలేదు, వాపు మటుకే వచ్చింది. అయితే ఆరోగ్యంగా ఉన్న పొట్టను ఈ క్రిమి పాడుచేయగలదని రుజువయింది.

అసలు రుజువు 1988లో వచ్చింది. మార్షల్, ఆయన సహచరులు రోగులకు రకరకాల మందులిచ్చి ఏడాదిపాటు చూశారు. క్రిమి మిగిలిపోయి, పుండు మానినవారిలో నూటికి 84 మందికి అది తిరగబెట్టింది. క్రిమి నశించినవారిలో 21 మందికే తిరగబెట్టింది. మరుసటి ఏడు క్రిమికి హెలికోబాక్టర్ పైలోరై అని పేరు స్థిరపడింది. 2005లో వారెన్‌కూ, మార్షల్‌కూ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు పుండును ఎలా కనిపెడతారు? కొనన దీపమూ కెమేరా ఉండే సన్నటి గొట్టాన్ని నోటిగుండా దించి, డాక్టరు తెర మీద పొట్ట లోపలంతా చూస్తాడు. క్రిమి ఉన్నదీ లేనిదీ తెలియటానికి మరొక సొగసయిన పరీక్ష ఉన్నది. మామూలు కర్బనం కంటె కాస్త బరువయిన కర్బనంతో చేసిన యూరియాను నీళ్లలో తాగిస్తారు. కొంతసేపటికి ఒక సంచీలోకి ఊపిరి ఊదమంటారు. క్రిమి ఉంటే యూరియాను విరగగొడుతుంది, ఆ బరువయిన కర్బనం ఊపిరిలో బయటికి వస్తుంది. తనకు గొడుగయిన విద్యే దాన్ని పట్టిస్తుందన్నమాట!

వైద్యానికి రెండుమూడు రకాల క్రిమిసంహారక మందులూ, ఆమ్లాన్ని తగ్గించే మందూ కలిపి, సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఇస్తారు. వీటిలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొదటిదయిన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. అప్పుడు అక్కడి పరిశోధనలను నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నొప్పి తగ్గింది గదా అని మందులు మధ్యలో ఆపితే, చావని క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారుకావచ్చు.

ఈ క్రిమి లోకంలో కొన్ని వందల కోట్లమంది పొట్టల్లో ఉన్నది. ఎక్కువమందికి చిన్నతనంలోనే చేరుతుంది. వారిలో చాలామందికి పుండు పడనే పడదు. ఆవకాయ పుండు పుట్టించదు. ఉన్న పుండును మండించవచ్చు. పుండు పుట్టించే రెండో ముఖ్యకారణం మనం లెక్కచెయ్యనిది: ఆస్పిరిన్, ఐబుప్రొఫేన్ వంటి నొప్పిమాత్రలు. మీ తాతగారు మోకాళ్లనొప్పులకు రోజూ అలాంటి మాత్ర మింగుతూ, కడుపుమంట అంటూ ఉంటే, ఆ రెండు సంగతులూ డాక్టరుకు కలిపి చెప్పమనండి. విరేచనం తారులాగా నల్లగా అయితే మటుకు తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.