దుప్పట్లు మీ దగ్గరే ఉంచుకోండి

డిసెంబరు రాంగనే మీకు రెండు పనులు యాదికొస్తయి. ఒకటి, మంచు మీద కవిత రాసుడు. రెండు, మాకు దుప్పట్లు పంచుడు. మీ కవితలో మంచు గడ్డిపోచ మీద ముత్యమై మెరుస్తది. మీ దుప్పట్ల సభలో మా ముసలోళ్లు వరుసలో నిలబడి ఫొటోకు మొహమిస్తరు. ఈ రెండింటిలోనూ ఒక మాట మాత్రం రాదు. ఆ చలిలో తడి చేతులతోటి ఎవరు నిలబడ్డరు? ఏ గంటకు నిలబడ్డరు? ఎవరి గోడ ముందు నిలబడ్డరు? ఆ మాట నేను అడుగుతున్న.

మాది బిచ్కుంద. మాదిగవాడ. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. ఇటు పోతే మహారాష్ట్ర, అటు పోతే కర్ణాటక. మంజీర పొంటి గాలి కొడితే చలికాలం పొద్దుగాల పది డిగ్రీల కిందికి దిగుడు మా దిక్కు కొత్త కాదు. దాన్ని మేము ఇగం అంటం. చలి తోలుకు తగులుతది, ఇగం బొక్కల్లోకి దిగుతది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. 2017లో టీఆర్టీ నోటిఫికేషన్ పడితే, పరీక్షలు, కోర్టు కేసులు అన్నీ దాటి 2019లో సర్కారు బడి పంతులునైన. ఇప్పుడు నాకు స్వెట్టరుంది, గీజరుంది. మా అవ్వ చేతులకూ, మా తమ్ముని చేతులకూ లేనిదేందో అది చెప్పడానికే ఈ రాత.

మా అవ్వ ఒక ఆఫీసులో స్వీపరు. ఆఫీసు పేరు రాయను, ఏ ఆఫీసైనా అట్లనే ఉంటది. పార్ట్‌టైం అని పేరు. ఇరవై ఏండ్లు గడిచినా ఆ పార్ట్ ఫుల్ కాలేదు. అయిదింటికి లేచి, ఆరు గంటల లోపల ఊడ్చి, తుడిచి, కిడికీలు అద్దాలు మెరిపించి, సార్లు వచ్చేలోగా కనబడకుండ పోవాలె. ముందుగాల తడి పేలికతోటి తుడవాలె, తర్వాత ఎండు న్యూస్‌పేపరుతోటి రుద్దాలె. కాగితం అయితేనే చార పడదు. మా అవ్వకు చదువు రాదు గని ఇరవై ఏండ్లు పేపరు చేతిలోనే ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి వినండి. భూమి లోపలి నీళ్లు చలికాలం చల్లబడవు. బోరు వేసిన వెంటనే వచ్చే నీళ్లు గోరువెచ్చగ ఉంటయి, పొద్దుగాల పొగలు గూడ కక్కుతయి. రైతులందరికీ తెలుసు. మా అవ్వకు గూడ తెలుసు. ఆ ఆఫీసులో బోరు ఉన్నది. మోటరు గది తాళం మాత్రం ఆమె చేతికియ్యలేదు. రాత్రంతా బయట డ్రమ్ములో ఇగానికి నిలబడ్డ నీళ్లే ఆమెకు. "అయిదు నిమిషాలు మోటరు ఏస్తే ఏమైతది సారూ" అని ఒకసారి అడిగిందట. "నువ్వు ముట్టకు, మేం వచ్చినాక ఏస్తం" అన్నరట. ఎందుకు ముట్టొద్దో వాళ్లు చెప్పలేదు. ఆమె అడగలేదు. మీకు గూడ నేను విడమరిచి చెప్పాల్నా?

ఇది చలి చేసిన పనా? దేవుడు చేసిన పనా? భూమి ఉడుకు నీళ్లు ఇస్తనే ఉన్నది. తాళం చెవి మనిషి చేతిలో ఉన్నది.

రాత్రి ఆమె చేతులు చూస్తే ఎండిన చెరువులెక్క పలిగి ఉండేవి. ఆముదం రాసుకొని, పాత చీర పేలికలు చుట్టుకొని పండేది. పొద్దుగాల ఆ పేలికలే విప్పి మళ్లీ నీళ్లల్ల చేతులు పెట్టేది. ధనుర్మాసం వచ్చిందంటే ఊరి పెద్దమనుషులు తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం చేసి పుణ్యం సంపాదించుకుంటరు. అదే నెల, అదే గంట, అవే చన్నీళ్లు. వాళ్లకు పుణ్యమైతది, మా అవ్వకు కర్మ అయితది. ఈ లెక్క ఏ బడిలో చెప్పిన్రు?

ఇగ మా తమ్ముని సంగతి. ఇంటర్ మధ్యలో ఆగిపోయినోడు. మా దిక్కు పొరగాండ్లందరి లెక్కనే దుబాయి పోదామనుకున్నడు. ఏజెంటుకు కట్టే పైసలు దొరకలేదు. హైదరాబాదు పోయిండు. సైబర్ టవర్స్ 1998లో తెరిచిన్రు. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ దిక్కు రాళ్లగుట్టల మీద అద్దాల గుట్టలు లేచినయి. ఆ అద్దాలు కడిగే పనిలో కుదిరిండు. కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు, వాని కింద వీళ్లు ఎనిమిది మంది. పైకప్పు మీద తాడు కడతరు. ఒకటి కూసునే తాడు, ఒకటి పాణం తాడు. నడుముకు బెల్టు, కింద పీట, పక్కన బకెట్. ఉన్ని తొడిగిన కర్రతోటి సబ్బునీళ్లు పుయ్యాలె, రబ్బరు వైపరుతోటి గుంజాలె, ఒక అంతస్తు కిందికి జారాలె. అట్ల ఇరవై అంతస్తులు.

"చలిపెడితే ఎండ దిక్కు పోవచ్చు గదరా" అన్న ఒకనాడు. వాడు నవ్విండు. "ఎండ పడ్డ అద్దం మీద సబ్బునీళ్లు జల్ది ఎండి చారలు పడతయన్నా. అందుకే పొద్దుగాల నీడ దిక్కే దించుతరు" అన్నడు. ఆ మాట విన్నకాడి నుంచి నేను ఆ అద్దాలను మామూలుగ చూడలేకపోతున్న. అద్దానికి చార పడొద్దు, అందుకని మనిషిని నీడలో వేలాడదీస్తరు. అద్దం గురించి ఆలోచించినోడు ఉన్నడు. మనిషి గురించి ఆలోచించినోడు లేడు.

ఒక సోపతిగాడు, చదువుకున్నోడే, ఉద్యమాల్లో తిరిగినోడే, నన్ను అడిగిండు: "మన దగ్గర మంచు గడ్డకట్టదు గదా. పది డిగ్రీలకు అంత కథ ఎందుకు?" పంతులును కాబట్టి జవాబు పాఠం లెక్కనే చెప్త. గాలి కంటె నీళ్లు వేడిని ఇరవై రెట్లకు పైగా ఎక్కువ గుంజుకుంటయి. తడి చెయ్యి ఆరేటప్పుడు ఆ ఆవిరి గూడ చేతి వేడినే తీసుకొని పోతది. దాని మీద గాలి కొడితే ఇంకింత. ఇరవయ్యో అంతస్తులో గాలిని ఆపే చెట్టు లేదు, గోడ లేదు. పొడి చేతికి పది డిగ్రీలు వేరు, తడి చేతికి పది డిగ్రీలు వేరు. ముందుగాల వేళ్ల కొసలు మొద్దుబారుతయి. తర్వాత ముడి బిగిసిందో లేదో వేళ్లకు తెల్వదు. ఇరవయ్యో అంతస్తులో ఆ ముడి మీదనే పాణముంటది. మీ టేబుల్ మీద చాయి కప్పు పట్టుకొని అద్దంలోంచి చూసే చలి ఇది కాదు.

నిజంగనే నీళ్లు గడ్డకట్టే దేశాలల్ల గూడ కిటికీలు తుడిచేవాళ్లు ఉన్నరు. అక్కడ నీళ్లు అద్దం మీద గడ్డకట్టకుండ స్పిరిట్ కలుపుతరు. లోపల ఉన్ని గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు తొడుక్కుంటరు. మరీ గాలి ఉంటే తాడు దిగరు. అక్కడ గూడ పేదోళ్లే ఆ పని చేస్తరు, కష్టం లేదని నేననను. కాని అక్కడ చలికి పనిముట్లు ఉన్నయి. మా కాడ చలికి ఓర్పు మాత్రమే ఉన్నది. వేళ్లకు పాలిథిన్ కవర్లు చుట్టుకుంటరు. అంగీల నడుమ న్యూస్‌పేపర్లు పెట్టుకుంటరు. వాజ్‌లైన్ పూసుకుంటరు. ఉడుకు నీళ్లు బకెట్లో పోసుకుంటే మూడంతస్తులు దిగేసరికి చల్లారుతయి. పొద్దుగాల్నే ఒక క్వార్టర్ తాగి తాడెక్కెటోళ్లు గూడ ఉన్నరు. "మీవాళ్లు తాగుడు మానరు" అని నీతి చెప్పేటోళ్లారా, మందు తాగితే ఒంటికి ఉడుకు పుట్టినట్టు అనిపిస్తది గాని లోపలి వేడి ఇంకింత పోతదని నాకూ తెలుసు, మా తమ్మునికీ చెప్పిన. గ్లౌజులియ్యనోనికి మీరెప్పుడన్న నీతి చెప్పిన్రా?

ఇప్పుడు అసలు మాట. ఈ పనులన్నీ తెల్లారగట్లనే ఎందుకు చెయ్యాలె? ఊడ్చుడు పది గంటలకు ఎందుకు ఊడ్వొద్దు? అద్దం పదకొండు గంటలకు, పొద్దెక్కినాక, నీడ దిక్కు గూడ కొంచెం వెచ్చబడ్డాక ఎందుకు తుడవొద్దు? ఆఫీసోళ్లకు అడ్డమైతదంటరు. అడ్డం అంటే ఏంది? మా అవ్వ కనబడుడే అడ్డం. మురికి పోవాలె, మురికి తీసే మనిషి కనబడొద్దు. మనిషి లేకుండనే జాగ శుభ్రమైనట్టు అనిపియ్యాలె. పీష్వాల కాలంలో పుణె నగరంలోకి పొద్దుగాల తొమ్మిది కంటె ముందు మావాళ్లను రానియ్యలేదు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు నీడ పొడుగ్గ పడతది, ఆ నీడ తాకితే మైల అన్నరు. ఆనాడు తొమ్మిదికి ముందు రావొద్దన్నరు. ఈనాడు తొమ్మిదికి ముందే వచ్చి పోవాలంటున్నరు. గడియారం తిరగబడ్డది, బుద్ధి తిరగబడలేదు. కులం పనిని పంచలేదు, పని చేసే మనుషులను పంచి మెట్ల మీద నిలబెట్టింది అని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పిండు. నేను దానికి ఒక్క ముక్క కలుపుత: ఆ మెట్లకు గంటలు గూడ ఉన్నయి. ఇగం గంటలన్నీ అడుగు మెట్టుకు.

మా తమ్ముడు అద్దాలు కడిగే గచ్చిబౌలి దిక్కే సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నది. రోహిత్ వేములతో సహా అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెళ్లగొడితే, 2016 జనవరిలో వాళ్లు ఆరుబయట వెలివాడ వేసుకొని పండుకున్నరు. జనవరి 17న రోహిత్ పోయిండు. ఊళ్ల వాడను చలిలో పెట్టినోళ్లు యూనివర్సిటీలో గూడ వాడను చలిలోనే పెట్టిన్రు. చదువుకుంటే చలి తప్పుతదని మా అవ్వ నన్ను బడికి పంపింది. పీహెచ్‌డీ దాకా పోయినా తప్పలేదు.

బడి మాట గూడ చెప్త. నేను పనిచేసిన ఒక బడిలో జనవరి 25 పొద్దుగాల, జెండా పండుగకు కిటికీలు తుడవాలని వాడ పిల్లలు నలుగురిని పిలిచిన్రు. చన్నీళ్ల బకెట్, పేలికలు. "వీళ్లకు అలవాటు సార్, శుభ్రంగ తుడుస్తరు" అన్నడు ఒకాయన. రాజ్యాంగం అమలైన రోజును పండుగ చేసుకోవడానికి రాజ్యాంగం రాసినాయన పిల్లలతోటి పేలికలు పట్టిస్తున్నరు. నేను బకెట్ తీసుకొని స్టాఫ్ రూములో పెట్టిన. "తుడిచేది ఉంటే రిజిస్టరు వరుసలో అందరం తుడుద్దాం. ముందుగాల పంతుళ్లం, తర్వాత పిల్లలందరు. ఎండ వచ్చినాక, ఉడుకు నీళ్లతోటి" అన్న. రెండు రోజులు నాతోటి ఎవరూ మాట్లాడలేదు. కాని ఉడుకు నీళ్లు మాత్రం వచ్చినయి! అప్పటిదాకా దొరకని కట్టెలు, దొరకని గిన్నె, పంతుళ్ల చేతులు తడవాల్సి వచ్చేసరికి అరగంటలో దొరికినయి.

అందుకే దుప్పట్లు వద్దంటున్న. దుప్పటి రాత్రి కప్పుకుంటం. మమ్మల్ని చంపే ఇగం రాత్రిది కాదు, పొద్దుగాల పనిది. పని మీద దుప్పటి కప్పుకొని తాడెక్కుతమా? మోరీలోకి దిగుతమా? 2019లో జీవో 51 తెచ్చి పంచాయతీ కార్మికులను మల్టీపర్పస్ వర్కర్లు అన్నరు. మోరీ తీసేటోడే ట్రాక్టరు నడపాలె, ట్రాక్టరు నడిపేటోడే కరెంటు స్తంభమెక్కాలె. అప్పుడు జీతం 8,500. 2023 జూలైలో రాష్ట్రమంతా సమ్మె చేసిన్రు. ఆ ఎండాకాలం, వానాకాలం మీ దుప్పట్ల సంఘాలు ఎక్కడ పోయినయి? 1970 నాటి కేంద్ర కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది ఉన్న కాంట్రాక్టరుకు వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త లేబర్ కోడ్ దాన్ని 50కి పెంచింది. ఎనిమిది మందిని తాడుకు వేలాడదీసే మా తమ్ముని కాంట్రాక్టరు ఆ లెక్కలోకే రాడు. దీని మీద మీరు కవిత రాసిన్రా?

1946లో ఫ్యాక్టరీలల్ల పని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గింది. ఆ బిల్లు తెచ్చిన నాడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది అంబేద్కర్. ఆయన కార్మికులకు దుప్పట్లు పంచలేదు. గంటలు మార్చిండు. మా బాట గూడ అదే.

మేము అడిగేవి కొన్నే. చలికాలం తడి పని పొద్దెక్కినాకనే మొదలు కావాలె. ఉడుకు నీళ్లు, రెండు జతల గ్లౌజులు, బూట్లు యజమానే ఇయ్యాలె. గాలి కొట్టినా, చేతులు మొద్దుబారినా తాడు దిగనని అంటే కూలి కోయొద్దు. మోటరు గది తాళం ఊడ్చే మనిషి చేతిలో ఉండాలె. అన్నిటికంటె ముందు, పేలిక ఒక్క వాడ చేతిలోనే ఉండొద్దు.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీ క్లాసు అద్దం తళతళ మెరుస్తుంటే, అది తుడిచిన మనిషి ఏ గంటకు వచ్చిందో కనుక్కోండి. ఏ నీళ్లతోటి తుడిచింది, జీతమెంత, కాంట్రాక్టరు ఎవరో అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకొని ఆమెతోటి కలిసి ప్రిన్సిపాల్ రూముకు పోండి. మీటింగులు తర్వాత పెట్టుకుందాం.