'మీ అమ్మ ఏం పని చేస్తుంది?'

కోదాడ వైపు ఒక ఆడపిల్లల బడిలో ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై మంది దాకా ఒక తెర ముందు కూర్చున్నారు. అవతల వేరే దేశంలో ఒక తరగతి. రెండు వైపులా టీచర్లు. పాటలయ్యాయి, పండగల గురించి చెప్పుకోవడం అయింది. అప్పుడు అవతలి నుంచి ఒక పిల్ల మామూలుగా అడిగింది: 'మీ అమ్మ ఏం పని చేస్తుంది?'

ముందు వరసలోని అమ్మాయి కాసేపు ఆలోచించి, 'ఏం చెయ్యదు మేడమ్, ఇంట్లనే ఉంటది' అంది. టీచరు దాన్ని ఇంగ్లీషులో 'హౌస్ వైఫ్' అని చెప్పింది. అవతలి పిల్ల తలూపి రాసుకుంది. నేను వెనక బెంచీలో కూర్చుని వున్నాను. తర్వాత వరండాలో ఆ అమ్మాయిని కదిలిస్తే తెలిసింది: వాళ్ళమ్మ వానాకాలం నాట్లకు పోతుంది, తర్వాత పత్తి ఏరడానికి పోతుంది, పనిలేని రోజుల్లో బర్రెను చూసుకుంటుంది. ఆ పాల డబ్బుతోనే ఈ పిల్ల నోటు పుస్తకాలు వస్తాయి. 'మరి ఏం చెయ్యదన్నావేం?' అంటే నవ్వి, 'అది పనా మేడమ్?' అంది.

స్త్రీల శ్రమ కనపడకుండా పోవడం గురించి మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడాం, రాశాం. ఆ కనపడకపోవడం ఒక పిల్ల నోట, ఒక టీచరు అనువాదంలో, నా కళ్ళెదుట రెండు నిమిషాల్లో జరిగిపోయింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ప్రశ్న మన తరగతి గదిలో అంతకు ముందు ఎవరూ అడగలేదు. బయటి పిల్ల అడిగింది కాబట్టే బయటపడింది. దేశాల మధ్య పిల్లల్నీ టీచర్లనీ కలిపే ఈ ఆన్‌లైన్ ప్రాజెక్టుల గురించి మనం ఎందుకు పట్టించుకోవాలో, ఎందుకు జాగ్రత్తగా చూడాలో ఆ ఒక్క సంఘటనలోనే వుంది.

ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1920ల్లో ఫ్రాన్స్‌లో సెలెస్తాం ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు పిల్లల చేత వాళ్ళ రాతల్ని చిన్న అచ్చు యంత్రం మీద అచ్చు వేయించి దూరపు బడి పిల్లలకు పోస్టులో పంపించేవాడు. 1988లో న్యూయార్క్, మాస్కో బడుల్ని కంప్యూటర్ల ద్వారా కలిపిన ప్రయత్నం నుంచి ఐ-ఎర్న్ అనే అంతర్జాతీయ వేదిక పుట్టింది. దానికి మన దేశంలోనూ శాఖ వుంది. 2005లో ఐరోపా కమిషన్ ఇ-ట్విన్నింగ్ పేరుతో బడులను జతలు కట్టడం మొదలుపెట్టింది. కోవిడ్ తర్వాత తెర ముందు కూర్చోవడం అందరికీ అలవాటయ్యాక ఈ రకం కార్యక్రమాలు చిన్న పట్టణాల దాకా వచ్చాయి.

మన దగ్గరి అనుభవం కూడా ఒకటుంది. సుగతా మిత్రా అనే ఆచార్యుడు న్యూకాజిల్ విశ్వవిద్యాలయం నుంచి హైదరాబాదు బడుల్లో పిల్లలు తమంతట తాము కంప్యూటరుతో ఎలా నేర్చుకుంటారో పరిశీలించారు. అందులోంచే 2009లో 'గ్రానీ క్లౌడ్' వచ్చింది. బ్రిటన్‌లో ఇంట్లో కూర్చున్న వాలంటీర్లు స్కైప్‌లో హైదరాబాదు పిల్లలకు కథలు చదివి వినిపించేవాళ్ళు. వాళ్ళలో రిటైరైన టీచర్లు ఎక్కువ. 2013లో ఆయనకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది.

ఆ అమ్మమ్మల ప్రేమను నేను శంకించను. కానీ కొన్ని ప్రశ్నలున్నాయి. జీతం లేకుండా చేసే పనికి 'అమ్మమ్మ' అని ఆడపేరే ఎందుకు పెట్టారు? ఇంగ్లండు అమ్మమ్మ కథ చెప్తే అది చదువు. సూర్యాపేట అవ్వ చెప్పే కథ ఎందుకు చదువు కాలేదు? మన పిల్లలు వినేవాళ్ళుగానూ అక్కడి వాళ్ళు చెప్పేవాళ్ళుగానూ వున్నంతకాలం దాన్ని కలిసి చేసే పని అనలేం. పాత సంబంధమే కొత్త తీగ మీద నడుస్తోందనాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల బడుల్లో తిరిగినప్పుడు నాకు ఎదురైన చిక్కుల్ని ఇక్కడ మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

మొదటిది, ఫోను ఎవరి చేతిలో వుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతమే. మగవాళ్ళలో సగానికి పైగా వాడారు. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్‌లలో పాఠాలు మొదలైనప్పుడు ఇంట్లో ఒక్క ఫోనుంటే అది తమ్ముడి చేతికే పోయిందని నాకు ఎందరో అమ్మాయిలు చెప్పారు. బడిలో నలభై నిమిషాలు విదేశంతో మాట్లాడిన పిల్ల ఇంటికెళ్ళి ఆ పనికి కావలసిన ఒక్క ఫోటో తీసుకోవడానికి అన్నను బతిమాలాలి.

ఫోను ఇవ్వకపోవడానికి కారణం పేదరికం ఒక్కటే కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్య తర్వాత ఈ ప్రాంతంలో తల్లిదండ్రులతో మాట్లాడితే కులోన్మాదం గురించి కన్నా ఆడపిల్లల ఫోన్ల గురించే ఎక్కువ విన్నాను. హత్య చేసింది కులమూ పితృస్వామ్యమూ అయితే శిక్ష మాత్రం ఆడపిల్లల చేతిలోని ఫోనుకు పడింది. అమ్మాయి బయటి ప్రపంచంతో మాట్లాడటమే ప్రమాదమని నమ్మే చోట ఇలాంటి ప్రాజెక్టు ఉత్త కంప్యూటరు వ్యవహారం కాదు, హక్కు వ్యవహారం. 'బడి వాళ్ళే మాట్లాడిస్తున్నారు' అనే ఒక్క మాటతో ఆ తలుపు కొంచెం తెరుచుకుంటుంది. అందుకే దీన్ని నేను కొట్టిపారెయ్యలేను.

రెండవది, వేళ. న్యూయార్కులో పొద్దున తొమ్మిదైతే చలికాలంలో మనకు రాత్రి ఏడున్నర. ఆ వేళకు హాస్టల్ పిల్లలు కూర్చోగలరు, ఇంటి నుంచి వచ్చే పిల్లలు కూర్చోలేరు. టీచరు సంగతి ఎవరూ అడగరు. ఈ పనులు నెత్తిన వేసుకునేది ఎక్కువగా మహిళా టీచర్లే. ఒకామె సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. బడి అయ్యాక ఆగి, తన సొంత ఫోను డేటాతో ఆ గంట నడిపి, చీకటి పడ్డాక బస్సెక్కి ఇంటికి పోయి వంట చేస్తుంది. 'సర్టిఫికెట్ మీద బడి పేరు వచ్చింది, ఫోటోలో పెద్దసారు వున్నాడు' అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు మనందరికీ తెలిసిందే.

అదే కెన్యాలోనో ఇథియోపియాలోనో పొద్దున పదైతే మనకు పన్నెండున్నర. శ్రీలంకది మన గడియారమే. బంగ్లాదేశ్ మనకన్నా అరగంట ముందు. బడి వేళలోనే, పిల్లలూ టీచర్లూ ఎవరి ఇల్లూ ఆగకుండా మాట్లాడుకోవచ్చు. ఎవరితో చేతులు కలపాలో గడియారమే చెప్తున్నా మన చూపు అమెరికా, ఇంగ్లండుల మీదే ఎందుకు వుంటోంది?

మూడవది భాష. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చారు. దళిత, బహుజన కుటుంబాలు ఇంగ్లీషును కోరుకోవడం న్యాయం, దాన్ని కాదనే హక్కు మనకు లేదు. కానీ తెర ముందు జరుగుతున్నదేమిటి? ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లలే మాట్లాడతారు. మిగతా ఇరవై ఏడుగురు చేతులూపుతారు. లంబాడా తండా నుంచి వచ్చిన పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. 1985లో ప్యూర్టోరికో, అమెరికా బడుల మధ్య మొదలైన 'దె ఒరియా ఎ ఒరియా' ప్రాజెక్టు వలస పిల్లల ఇంటి భాష స్పానిష్‌నే వారధిగా చేసింది. ఇంట్లో వున్న భాష బడిలో విలువైనదైంది. మనకూ అలాంటి దారి వుంది. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల తెలుగు నేర్చుకుంటున్న పిల్లలు వేలల్లో వున్నారు. వాళ్ళకు మాట్లాడే తెలుగు కావాలి. 'ఇంట్లనే ఉంటది' అన్న పిల్ల అక్కడ టీచరవుతుంది. తన యాసకు సిగ్గుపడాల్సిన పని లేదని తనకు తెలిసే మార్గం అంతకన్నా మంచిది నాకు కనపడటం లేదు.

నాలుగవది, ఏం మాట్లాడాలి? ఇప్పటిదాకా నేను చూసినవాటిలో చాలాచోట్ల ముగ్గులు, బతుకమ్మ, మెహందీ. ఆడపిల్లలు సంస్కృతిని మోసే బొమ్మలుగా ముస్తాబై నిలబడతారు. బతుకమ్మ మనకు ఇష్టమే, కానీ బతుకమ్మ ఆడే ఆడవాళ్ళ బతుకు సంగతి కూడా చెప్పాలి కదా.

నల్లగొండ జిల్లా ఫ్లోరైడు నీళ్ళ కథ అందరికీ తెలుసు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో రెండు మూడు తరాల ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. ఆ పేరుతోనే అది కెన్యా, టాంజానియా, ఇథియోపియాలకు చేరింది, ఎందుకంటే ఆ రిఫ్ట్ లోయ నేలలోనూ ఇదే విషం. అక్కడా నీళ్ళు మోసేది ఆడవాళ్ళే, అక్కడా వంకరకాళ్ళ పిల్లకు పెళ్ళి ఎలా అని బాధపడేది తల్లే. మిర్యాలగూడ పిల్లలూ ఇథియోపియా పిల్లలూ కలిసి 'మీ ఇంటికి నీళ్ళెవరు తెస్తారు, ఎంత దూరం నుంచి, ఎన్ని సార్లు, ఇప్పుడేం మారింది' అని లెక్క రాసుకుంటే అందులో సైన్సు వుంది, లెక్కలున్నాయి, సాంఘికశాస్త్రం వుంది, స్త్రీవాదం కూడా వుంది. మన జిల్లా పేరు ఆఫ్రికాలో తెలుసన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

'బడుల్లో మరుగుదొడ్లు సరిగ్గా లేవు, నీళ్ళు రావు, ముందు అవి చూడండి' అని మన మిత్రులు కొందరు అంటారు. ఆ కోపం న్యాయమైందే. కానీ ఆ వాదన ఎప్పుడూ పేద పిల్లల విషయంలోనే ఎందుకు వస్తుంది? కార్పొరేట్ బడి పిల్లలకు మరుగుదొడ్డీ తెరా రెండూ ఒకేసారి దొరుకుతాయి. మన పిల్లలు మాత్రం వరసలో నిలబడాలి. అసలు మరుగుదొడ్డి గురించి వేరే దేశపు పిల్లలతో పోల్చి మాట్లాడుకోవడం కన్నా పదునైన పాఠం ఏముంటుంది? పోల్చి చూసుకున్న పిల్ల రేపు హెడ్మాస్టరును అడుగుతుంది.

కాబట్టి ఈ ప్రాజెక్టులతో వచ్చే సంస్థల ముందు మనం కొన్ని షరతులు పెట్టాలి. పని బడి వేళలో, టైంటేబుల్లో భాగంగా జరగాలి. నడిపే టీచరుకు ఆ సమయం పనిగంటల్లో లెక్కకు రావాలి, డేటా ఖర్చు ఆమె జేబులోంచి పోకూడదు. పిల్లలు తమ భాషలో మాట్లాడి, తర్వాత అనువాదం తామే సరిచూసుకునే వీలుండాలి. ప్రశ్నలు రెండు వైపుల నుంచీ సమానంగా రావాలి. పిల్లల ముఖాలు, ఊళ్ళ పేర్లు వాళ్ళ అనుమతి లేకుండా దాతల నివేదికల్లోకి ఎక్కకూడదు. జాగ్రత్త పేరుతో ఆడపిల్ల నోరు మూయకుండా, తెలియని వాళ్ళతో ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో ఆమెకే నేర్పాలి.

ఈ నేల మీద ఆడవాళ్ళు మాట్లాడటం కొత్త కాదు. 2022లో మనల్ని విడిచిపోయిన మల్లు స్వరాజ్యం ఈ సూర్యాపేట పల్లెల్లోంచే వచ్చింది. తెలంగాణ పోరాటంలో స్త్రీలు ఏం చేశారో వాళ్ళ మాటల్లోనే వినడానికి మనకు 1986 దాకా, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా పట్టింది. ఎవరూ అడగకపోతే ఎంత ఆలస్యమవుతుందో మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు కోదాడ వైపు బడిలో సమయం అయిపోయి లైను తెగింది. మా పిల్ల తిరిగి అడిగే వంతు రాలేదు. 'నువ్వయితే ఏం అడుగుతవు?' అన్నాను. 'వాళ్ళమ్మ ఏం పని చేస్తదో అడుగుత. ఆమెకు పైసలిస్తరా అని కూడా అడుగుత' అంది. ఆ ప్రశ్న అవతలికి చేరేదాకా మన పని పూర్తయినట్టు కాదు.