లింకు ఇవ్వడమంటే జామీను ఉండటమే

ఈమధ్య మా క్యాంపులో ఓ తమ్ముడు, ఊళ్లో ఉన్న బావమరిదికి దుబాయ్‌లో ఉద్యోగం కోసం గూగుల్‌లో వెతికాడు. అన్నిటికన్నా పైన వచ్చిన సైటునే పట్టుకున్నాడు. ‘అన్నా, ఫస్ట్ వచ్చింది కదా, దొంగది ఎలా అవుతుంది?’ అన్నాడు. డబ్బు కట్టే ముందు లైసెన్సు నంబరు అడగమన్నాను. అడిగాడు. అటునుంచి మళ్లీ జవాబు లేదు.

అసలు సైటు పైకి ఎలా వస్తుంది? 1998లో గూగుల్ స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌ల ఆలోచన చాలా సింపుల్. ఒక సైటు ఇంకో సైటుకు లింకు ఇస్తే అది సిఫారసు కింద లెక్క. పేరున్న సైటు చేసే సిఫారసుకు విలువ ఎక్కువ. మనం మేస్త్రీని పెట్టుకునేటప్పుడు చూసేదీ అదే కదా! ఇప్పుడు గూగుల్ ఇంకా చాలా విషయాలు చూస్తోంది గానీ, లింకుల లెక్క మాత్రం పోలేదు.

సిఫారసుకు విలువ వచ్చాక దాన్ని అమ్మేవాళ్లూ వచ్చారు. ఎవరూ చదవని సైట్లు పెట్టి, డబ్బిచ్చిన వాళ్లకు లింకులు కడుతుంటారు. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి గూగుల్ ఇలాంటివాటిని కిందికి తోసింది. అయినా ఆ వ్యాపారం ఆగలేదు. ఇక ‘స్పాన్సర్డ్’ అని రాసి ఉంటే అది డబ్బు కట్టి పెట్టుకున్న ప్రకటన. దాన్ని ర్యాంకు అనుకోవద్దు.

మా సంఘం సైటుకూ ఇలాంటి బేరమే వచ్చింది. తమ ఏజెన్సీకి లింకు పెడితే ఉగాదికి చందా ఇస్తామన్నారు. ‘ఒక్క లింకే కదా’ అన్నారు మనవాళ్లు కొందరు. నేను ఒప్పుకోలేదు. మన సంఘాన్ని నమ్మి ఎవడో వడ్డీకి అప్పు తెచ్చి కడతాడు. మోసపోతే ఆ జామీను సంతకం మనదే.

సంఘాల సైట్లు నడిపేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. లింకు ఇచ్చే ముందు మూడు చూడండి. ఆ సైటు వెనక ఉన్నదెవరు? మన చదువరులకు దానితో పనుందా? డబ్బు రాకపోయినా ఇచ్చేవాళ్లమా? ఉద్యోగాల సైటయితే లైసెన్సు కూడా చూడాలి. భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరైన ఏజెంట్ల పేర్లుంటాయి. ఏజెంటు తీసుకునే రుసుం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. ముందు ఆ పోర్టల్‌కు, తెలంగాణ టామ్‌కామ్‌కు, ఆంధ్రప్రదేశ్ ఓంక్యాప్‌కు లింకులు పెట్టండి.

మన సైటు పైకి రావాలన్నా కొన్న లింకులు అక్కర్లేదు. జీతం ఆగితే ఎక్కడ ఫిర్యాదు చేయాలి, ఉద్యోగం మానేటప్పుడు రావాల్సిన లెక్క ఎంత, ఇలాంటివి తెలుగులో సరిగ్గా రాసి పెడితే, అవసరం ఉన్నవాళ్లే పదిమందికి పంపుతారు. మిగతా సంఘాలూ లింకు ఇస్తాయి. కాస్త ఆలస్యం అవుతుంది. కానీ అలా వచ్చిన పేరును గూగుల్ శిక్షిస్తుందన్న భయం ఉండదు.