పెట్రోలుకు పూచీ ఉంది, మొక్కజొన్నకేదీ?

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో అందుకున్నది. 2022 జూన్ నాటికి ఇది 10 శాతమే. విదేశీ ముడిచమురుకు పోసే సొమ్ములో కొంతైనా మన రైతుకు చేరాలన్నది ఈ విధానం ఉద్దేశమని ప్రభుత్వం చెబుతున్నది. ఉద్దేశం మంచిదే. అయితే ఆ సొమ్ము కళ్లం దాకా వస్తున్నదా?

2023 డిసెంబరులో చెరకు రసం వాడకంపై కేంద్రం ఆంక్షలు పెట్టడంతో డిస్టిలరీలు మొక్కజొన్న వైపు మళ్లాయి. మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు చెల్లించవలసిన ధరను 2024లో లీటరుకు రూ.71.86గా నిర్ణయించారు. క్వింటాలు గింజల నుండి సుమారు 38 లీటర్లు వస్తుంది. అంటే రూ.2,700 పైమాటే. మిగిలిన పిప్పి పశువుల దాణాగా అమ్ముడుపోతుంది. ఫ్యాక్టరీకి ఖర్చులు లేకపోలేదు. కాని దాని సరుకు కొనేదెవరో, ఎంతకు కొంటారో ముందే ఖరారయింది.

రైతుకు ఆ పూచీ లేదు. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు రూ.2,400. 2025 నవంబరులో కర్ణాటకలోని గదగ్, హావేరి జిల్లాల రైతులు ఆ ధర దక్కక రోడ్డెక్కారు. అప్పుడు వ్యాపారులు ఇవ్వజూపినది రెండు వేలు కూడా లేదు. మద్దతు ధరకే కొనాలని ప్రైవేటు కొనుగోలుదారును నిర్బంధించే నిబంధన లేకపోవడమే ఇందుకు మూలం. తేమ పేరిట, తరుగు పేరిట కోత ఉండనే ఉన్నది.

ఇటువంటి ఆశలు పల్లెలకు కొత్త కావు. 2003 తరువాత డీజిలు పండుతుందంటూ అడవి ఆముదం, కానుగ మొక్కలు నాటించారు. దిగుబడి రాలేదు, వచ్చిన కాస్త గింజను అడిగినవారు లేరు. 2017 నాటికి 20 శాతం కలుపుతామన్న 2009 నాటి విధానం కాగితం మీదే మిగిలింది.

ఈసారి ఫ్యాక్టరీలు నిలబడ్డాయి. రైతు కూడా నిలబడాలంటే ఇథనాల్ కొనుగోలు ఒప్పందంలోనే షరతు ఉండాలి. మద్దతు ధరకు కొన్నట్లు రసీదు చూపిన ఫ్యాక్టరీకే బిల్లు చెల్లించాలి. నాఫెడ్ వంటి సంస్థలు మద్దతు ధరకు కొని డిస్టిలరీలకు అందించే ఏర్పాటును 2024లో కేంద్రం ప్రకటించింది. దానిని గ్రామ సహకార సంఘం గుమ్మం దాకా తేవాలి. కోతలు మొదలు కాకముందే కాటా పెట్టాలి. పంట అమ్ముకున్నాక తెరిచే కేంద్రం వల్ల దళారికి తప్ప రైతుకు ఒరిగేదేమీ లేదు.