ఓటుకు ముందు జాబితా

ఎన్నికలు సమీపించినప్పుడల్లా మనం పార్టీలను గురించి, అభ్యర్థులను గురించి, గెలుపోటములను గురించి తీరిక లేకుండా చర్చించుకుంటాము. కళాశాల వరండాలోను, హోటలులో చాయ్ ముందు కూర్చున్నప్పుడును ఈ చర్చకు అంతుండదు. కాని అందులో పాల్గొనే వారిలో తమ పేరు ఓటర్ల జాబితాలో ఉన్నదో లేదో స్వయంగా చూసుకున్నవారు ఎందరు? ప్రజాస్వామ్య భవనానికి ఎన్ని అంతస్తులున్నా, లోపలికి ద్వారం మాత్రం ఆ జాబితాయే. ఆ ద్వారాన్ని గురించి నాలుగు మాటలు చెప్పడమే మా ఉద్దేశం.

ఆ జాబితా వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. ఆంగ్లేయుల పాలనలో 1909 చట్టం మొదలుకొని ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలుండేవి. ఓటుహక్కు కూడ ఆస్తిని బట్టి, పన్నును బట్టి, చదువును బట్టి కొద్దిమందికే దక్కేది. మన రాజ్యాంగం ఆ రెండు గోడలనూ పడగొట్టింది. 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు నిచ్చింది. 325వ అధికరణం ప్రతి నియోజకవర్గానికీ ఒకే జాబితా ఉండాలనీ, మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం కారణంగా ఎవరినీ అందులో చేర్చకుండా ఉండరాదనీ శాసించింది. అందుచేతనే మన పేట జాబితాను విప్పి చూస్తే పేర్లు ఇంటి నంబర్ల వరుసలో ఉంటాయి గాని మతాల వరుసలో ఉండవు. నరసింహులు పేరు క్రిందనే నసీరుద్దీన్ పేరు కనిపిస్తుంది. ఇరుగుపొరుగు వారిని ఒకే కాగితంపై సమానులుగా నిలిపిన పత్రం ఇంతకంటె మరొకటి ఉన్నదా?

అయితే జాబితాలో స్థానం దక్కాలంటే మొదట పేరు ఉండాలి. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు జాబితాలు తయారు చేసినప్పుడు, ఉత్తరాది ప్రాంతాలలో అనేకమంది స్త్రీలు తమ సొంత పేరు చెప్పలేదు. ‘ఫలానావాని భార్య’, ‘ఫలానావాని తల్లి’ అని మాత్రమే వ్రాయించుకున్నారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. ఫలితంగా సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు దూరమయ్యారు.

ఇది గడచిన కాలపు ముచ్చట మాత్రమే కాదు. 2025లో బీహారు శాసనసభ ఎన్నికలకు ముందు ఎన్నికల సంఘం అక్కడి జాబితాను ప్రత్యేకంగా సవరించింది. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పాత పేర్లు లేవు. వారు మరణించినవారు, వలస వెళ్ళినవారు, రెండు చోట్ల నమోదైనవారు అని సంఘం చెప్పింది. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించవలసిందిగా ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. మరణించినవారి పేరు తొలగించడం న్యాయమే. కాని బ్రతికి ఉన్నవాడు తన పేరు ఎందుకు పోయిందో తెలుసుకోగలగాలి. ఆ ఆదేశం మనకు నేర్పే పాఠం ఇదేనని మా అభిప్రాయం.

ఇక మన ఇండ్లకు వద్దాము. ఉర్దూ పేరు తెలుగు లిపిలోనికి వచ్చేసరికి ఎన్ని రూపాలు ధరిస్తుందో మనకు తెలియనిది కాదు. ఒకే మనిషి ఒక కార్డులో ‘మహమ్మద్’, మరొకదానిలో ‘మొహమ్మద్’, ఇంకొకదానిలో ‘ఎండి.’ అవుతాడు. అమ్మీ పేరు చివర ఒకచోట ‘బేగం’ ఉంటుంది, మరొకచోట ఉండదు. తెలుగు మిత్రుల ఇంటి పేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనుక చేరుతాయి. ఓటరెవరో రూఢి అయినప్పుడు కార్డులోని చిన్న అక్షర దోషాలను పట్టించుకోరాదని ఎన్నికల సంఘం సూచనలే ఉన్నాయి. అయినప్పటికీ పోలింగు నాడు వరుసలో నిలబడి వాదించుట కంటె, ముందుగా సరిదిద్దించుకొనుట మేలు కాదా?

2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు రాష్ట్రం మొత్తం మీద 71 శాతానికి పైగా ఓటు వేశారు. హైదరాబాదు జిల్లాలో సగం మందైనా వేయలేదు. పట్టణవాసులు సోమరులని అందరూ నిందించారు. ఆ నిందలో కొంత నిజమున్నది. కాని ఇల్లు మారినవారి పేర్లు, గతించినవారి పేర్లు జాబితాలో మిగిలిపోతే ఆ శాతం తగ్గి కనిపించక మానదు. ఉండరాని పేర్లు ఉండుట, ఉండవలసిన పేర్లు లేకుండుట అను రెండు దోషాలకూ మూలం ఒక్కటే: జాబితాను మనలో ఎవరూ చదవరు.

ఒక్క పేరుతో ఏమవుతుందని అనుకోరాదు. ఆ ఎన్నికలలోనే చేవెళ్ళలో 268 ఓట్లు, యాకుత్‌పురాలో 878 ఓట్లు గెలుపోటములను నిర్ణయించాయి. పోలీసు, ఆసుపత్రులు, భూములు, వ్యవసాయం ప్రధానంగా రాష్ట్ర శాసనసభ చేతిలోనివే. ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసిన 2017 నాటి చట్టం కూడ ఆ సభ ఆమోదించినదే.

ధనబలం, ఫిరాయింపులు ప్రజాస్వామ్యాన్ని తినివేస్తూ ఉండగా జాబితా చూసుకొని ఏమి లాభమని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నించవచ్చును. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినా ఆ జాడ్యం పూర్తిగా పోలేదన్న మాట నిజమే. ఆ వ్యాధులను మాన్పుట ఒక కళాశాల విద్యార్థుల తరము కాదు. మన చేతిలో ఉన్న పని కూడ చేయకుండుటకు మాత్రం అది సాకు కారాదు.

ఆ పని కష్టమైనది కాదు. కొత్తగా పేరు చేర్చుటకు 6వ నంబరు ఫారం. తప్పులు దిద్దుటకు, ఇల్లు మారినట్లు తెలుపుటకు 8వ నంబరు ఫారం. తొలగింపు కోరుటకు 7వ నంబరు ఫారం. 17 ఏండ్లు నిండిన విద్యార్థి ముందుగానే దరఖాస్తు చేయవచ్చును. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో దేనినాటికి 18 ఏండ్లు నిండితే ఆ త్రైమాసికంలో పేరు చేరుతుంది. ఎన్నికలు ప్రకటించాక నామినేషన్ల చివరి తేదీ దాటితే మాత్రం ఆ ఎన్నికకు జాబితాలో మార్పు ఉండదు. చాలామంది మేలుకొనేది ఆ తర్వాతనే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ప్రతి సంవత్సరం ప్రవేశాలు ముగిసిన పిదప రెండు రోజులు గ్రంథాలయంలో ఒక బల్ల కేటాయించండి. చుట్టుపట్ల పేటల జాబితాలు, ఫారాలు అక్కడ ఉంచండి. తెలుగు చదవగల విద్యార్థి ఒకరు, ఉర్దూ చదవగల విద్యార్థి ఒకరు ప్రక్కప్రక్కన కూర్చుంటారు. ఖర్చు స్వల్పం, ఫలితం అధికం.

విద్యార్థి మిత్రులారా! ఈ సంచిక చేతికందిన రోజు సాయంత్రమే మీ పేట జాబితా సంపాదించండి. ఇంట్లో చదువురాని నానమ్మ ఉంటే, దాదీ ఉంటే, ప్రక్కన కూర్చోబెట్టుకొని ఆమె పేరు బిగ్గరగా చదివి వినిపించండి. ‘ఫలానావారి భార్య’ అని కాక, ఆమె సొంత పేరుతో.