ఆటకు మేడ, ఇంటికి అప్పు



ఈ మాసము మన శీర్షికయందు ఇంటిలెక్కను కొంచెము ప్రక్కకు పెట్టి, ఊరిలెక్క నొకదానిని ముచ్చటించుకొందము. స్టేడియములనబడు క్రీడామందిరములకు ప్రజాధనమును వెచ్చించుట మేలా, కీడా యనునది నేటి ప్రశ్న. "ఆటల గొడవ మనకేల?" యని మీలో కొందఱు పుట త్రిప్పివేయవచ్చును. కాని ఆ మందిరములకై చేసిన అప్పును తీర్చునవి సంసారములే యైనపుడు ఆ లెక్క చూచుకొనుట గృహిణులకును తప్పదు.

1970 మే నెలలో ఒలింపిక్ సంఘమువారు ఆమ్‌స్టర్‌డాము నగరమున సమావేశమై, 1976 వ సంవత్సరపు క్రీడలకు రెండు పట్టణముల నెన్నుకొనిరి. వేసవి క్రీడలు కెనడాలోని మాంట్రియలునకును, శీతకాలపు క్రీడలు అమెరికాలోని డెన్వరునకును దక్కినవి. ఒకే సభలో ఒకే గౌరవమును పొందిన యీ రెండు పట్టణములును వేఱువేఱు త్రోవల నడచినవి. ముందుగా మాంట్రియలు కథ వినుడు.

ఆ పట్టణపు మేయరు జాన్ డ్రాపో గొప్ప మాటకారి. ఆటలవలన ఊరికి నష్టము వచ్చునేమో యని శంకించినవారితో ఆయన, పురుషునకు బిడ్డ పుట్టుట యెట్లు అసంభవమో, ఒలింపిక్ క్రీడలకు లోటు వచ్చుటయు అట్లే అసంభవమని పలికెను. తరువాత లోటు పెరిగిపోగా, ఆ యూరి పత్రికలో నొక వ్యంగ్యచిత్రకారుడు మేయరుగారిని నిండుచూలాలిగా చిత్రించి అందఱను నవ్వించెను. నవ్వు మేయరుగారిపైనను, నొప్పులు ప్రజలకును అయినవి.

1970 లో స్టేడియమునకు 13 కోట్ల 40 లక్షల కెనడా డాలర్లు చాలునని అంచనా వేసిరి. రోజే తాయిబేరు అను ఫ్రెంచి వాస్తుశిల్పి దానికి మిక్కిలి వింతయైన రూపమును కల్పించెను: తెఱచి మూయదగిన కప్పు, ఆ కప్పును పైకి లాగుటకు ఒక ప్రక్కకు వంగిన మహాగోపురము. పనులు ఆలస్యమయ్యెను, నడుమ కార్మికుల సమ్మెలు వచ్చెను. ముహూర్తము దగ్గఱపడిన పెండ్లియింట బేరమాడు వారుండరని మీరెఱుగుదురు గదా! అచ్చటను అట్లే జరిగెను. ఆటల దినము మారదు గనుక అడిగినవారికి అడిగినంత యిచ్చి పని చేయించిరి. 1976 జులైలో ఆటలు ప్రారంభమగునప్పటికి ఖర్చు 110 కోట్ల డాలర్లకు చేరినను గోపురము సగములోనే నిలిచియుండెను. అది పూర్తియైనది 1987 లో!

ఈ ధనమును ఎవరిచ్చిరి? 1976 మే నెలలో క్విబెక్కు రాష్ట్రమువారు పొగాకుపై ప్రత్యేకమైన పన్ను విధించిరి. అప్పు తుదకు తీరినది 2006 నవంబరులో. ఆటలు జరిగినవి 16 దినములు. అప్పు తీర్చినది 30 ఏండ్లు. ఆ వేసవిలో పుట్టిన శిశువులు పెరిగి పెద్దవారై, బిడ్డల తల్లులు కూడ అయియుందురు. గుండ్రని ఆకారమునుబట్టి ఆ మందిరమునకు తొలుత "పెద్ద ఓ" యని పేరు పెట్టిరి. ఇంగ్లీషులో ఆ అక్షరమును, అప్పుపడుట యను మాటయు ఒకే రీతిగా పలుకును గాన, తరువాత జనులు ఆ పేరునే "పెద్ద అప్పు" అను నర్థమున వాడుకొనిరి.

1977 నుండి అచ్చట ఆడిన ఎక్స్‌పోస్ అను బేస్‌బాల్ జట్టు 2004 తో ఊరు విడిచి వాషింగ్టనుకు తరలిపోయెను. జట్టు పోయినను కట్టడము పోదు. దాని కప్పు పలుమాఱులు చినిగెను. 2024 లో ప్రభుత్వమువారు క్రొత్త కప్పునకు మఱి 87 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించిరి. పడగొట్టరాదా యన్నచో, దానికి 200 కోట్లు కావలసి వచ్చునని మంత్రిగారు సెలవిచ్చిరి. ఉంచుకొన్నను ఖర్చే, వదలుకొన్నను ఖర్చే!

ఇన్ని చూచియు పాలకులు స్టేడియములకు ధనమిచ్చుట మానలేదు. "జనము వచ్చును, అంగళ్లు సాగును, పేదలకు పని దొరకును, పెట్టినది పన్నులరూపమున తిరిగివచ్చును" అని వారందురు. ఈ మాటను ఇంటిలెక్కతో పరీక్షింతము. ఒక గృహస్థు వినోదమునకు నెలకు 500 రూపాయలు కేటాయించెననుకొందము. ఊరిలో స్టేడియము లేచినంతమాత్రమున ఆతని జీతము పెరుగదు. ఆటకు పెట్టిన ఐదువందలు మునుపు సినిమాకో ఫలాహారశాలకో పోవుచుండినవే. ఒక గల్లాపెట్టె నిండిన, మఱియొకటి తఱిగినది. పైగా ఆటగాండ్ర పెద్ద జీతములు తఱచుగా ఊరు దాటిపోవును. టిక్కెట్లు చించువారికిని, తినుబండారములు అమ్మువారికిని దొరకు పనియో, ఆటలున్న దినములలో కొన్ని గంటలు మాత్రమే. పొరుగూళ్లవారు తెచ్చిన సొమ్ము ఒక్కటే ఊరికి క్రొత్తగా వచ్చిన సొమ్ము.

రోజరు నోలు, ఆండ్రూ జింబలిస్టు అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు 1997 లో ఈ విషయమున ఒక గ్రంథమును ప్రకటించిరి. బాల్టిమోరులో 1992 న తెఱచిన బేస్‌బాల్ మైదానమునకు పొరుగూళ్లనుండి ప్రేక్షకులు విశేషముగా వత్తురు. జయప్రదమైనవానిలో అది యొకటి. అట్టిదానిపై 20 కోట్ల డాలర్లు పెట్టగా ఊరికి కలిగిన నికరలాభము ఏటికి సుమారు 30 లక్షలే యని వారు తేల్చిరి. అనగా నూటికి రూపాయిన్నర. ఈపాటి వడ్డీకి మనలో నెవరైనను సొమ్మును బదులిత్తుమా?

అమెరికాలోనే సిన్సినాటి నగరమున్న హామిల్టను జిల్లాలో 1996 మార్చిలో, రెండు జట్లకు రెండు స్టేడియములు కట్టుటకై అమ్మకపుపన్నును అరశాతము పెంచుటకు ప్రజలు వోటు వేసిరి. ఇంటిపన్నులో కొంత తిరిగి యిత్తుమని వారికి ఆశ చూపిరి. జట్టు యజమానులతో చేసికొన్న ఒడంబడికలలో ఒకటి విచిత్రమైనది: ఆటను గాలిలో బొమ్మకట్టి మరల చూపు యంత్రము ఎప్పుడైనను ఇతర స్టేడియములకు వచ్చినచో, దానిని సైతము జిల్లావారే కొనియీయవలెనట! 2008 ఆర్థికమాంద్యము వచ్చిన పిమ్మట పన్ను రాబడి చాలకపోయెను. ఇంటివారికి తిరిగి యిచ్చునది తగ్గించిరి. ప్రజల ఆసుపత్రి నొకదానిని అమ్మి, ఆ సొమ్ముతో స్టేడియముల లోటు పూడ్చిరి. ఇంటి పెద్ద పందెములకై అప్పుచేసి, తీర్చలేక ఇంటి పాడియావును అమ్ముకొన్నట్లాయెను.

ఇక డెన్వరు మాట. ఆటలకు ప్రజాధన మీయవలెనా వలదా యని 1972 నవంబరులో కొలరాడో రాష్ట్రమున వోటు జరుగగా, ప్రజలు వలదని తీర్పు చెప్పిరి. ఆ క్రీడలు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్కునకు పోయినవి. 1964 లోనే అచ్చట క్రీడలు జరిగియుండుటచే కట్టడములు సిద్ధముగా నుండెను. డెన్వరువారు గౌరవమును కోల్పోయిరని ఆనాడు అనినవారున్నారు. వారి బిడ్డలకు మాత్రము అప్పు మిగులలేదు.

ఆటలే కూడవని నా యభిప్రాయము కాదు. ఆడపిల్లలు ఆడవలెను, పరుగెత్తవలెను. ఆ మాంట్రియలులోనే 1976 జులై 18 న రుమేనియా దేశపు పదునాలుగేండ్ల బాలిక నాదియా కొమనేచి పదికి పది మార్కులు పొందినది. ఒలింపిక్ వ్యాయామక్రీడలలో అంతకుముందెవరును అట్లు పొందియుండలేదు. లోకము నేటికిని ఆ క్రీడలను తలచునది ఆ పిల్లవలననే. ఆ విజయము జరిగినది క్రొత్త స్టేడియమున కాదు; 1924 లో కట్టిన ఫోరమను పాత క్రీడాశాలలో!

కాబట్టి మీ యూరిలో పెద్దలు క్రొత్త స్టేడియము కట్టెదమని వచ్చినపుడు ఈ మాటలు అడుగుడు: అంచనా మించినచో ఆ పైఖర్చు ఎవరిది? జట్టు లేచిపోయినచో అప్పు ఎవరిది? ఈ ధనముతోనే పిల్లల బడికి ఆటస్థలము, ఊరికి ఆసుపత్రి ఏర్పరచినచో ఎంతమందికి మేలు? సమాధానములను కాగితముపై వ్రాయించుకొని, లెక్క చూచుకొని, పిమ్మట మీ వోటు వేయుడు.